హార్లిక్స్ సీసాలో ఇనుప రజను

మూత పట్టేసి ఉంది. చీర కొంగు అడ్డం పెట్టుకుని గట్టిగా తిప్పితే కిర్రుమంటూ వచ్చింది. రావడమే ఆలస్యం, ఆ వాసన ముక్కుకు తగిలింది. ముందు తుప్పు. దాని వెనకాల సన్నగా కిరసనాయిలు. ఇన్నేళ్లుగా మూసి ఉన్న సీసాలో ఆ కిరసనాయిలు ఇంకా మిగిలి ఉందంటే నమ్మలేకపోయాను. బడి ల్యాబ్ బీరువా ముందు అలాగే నేల మీద కూర్చుండిపోయాను.

ఉత్తర చెన్నైలో నేను ఇరవై ఎనిమిదేళ్లు సైన్సు చెప్పిన బడి అది. తెలుగు మీడియంలో పిల్లలు ఏటేటా తగ్గుతూ వచ్చి, ఆరు, ఏడు తరగతులు ఇక నడవవని తేలిపోయింది. నా తర్వాత వచ్చిన సైన్సు టీచర్ ఫోన్ చేసింది. "టీచర్, ల్యాబ్ బీరువా ఖాళీ చేస్తున్నాం. మీవేమైనా ఉంటే వచ్చి చూసుకోండి, లేకపోతే పాత ఇనుముకి వేసేస్తారు" అంది. మర్నాడే వెళ్లాను.

బీరువాలో నావి పెద్దగా ఏమీ లేవు. రంగు పోయిన దండాయస్కాంతాలు రెండు. అద్దం పగిలిన దిక్సూచి ఒకటి. ఈ హార్లిక్స్ సీసా. దాని మీద నా చేతిరాతతో 'ఇనుప రజను' అని చీటీ. దాని మీద అతికించిన సెల్లో టేప్ పసుపు పచ్చగా మారి అంచులు లేచిపోయింది. బస్సులో ఇంటికొచ్చేదాకా సీసాను ఒళ్లోనే పెట్టుకున్నాను.

* * *

ఆ రజను మా నాయన ఇచ్చింది. నాయన బేసిన్ బ్రిడ్జి దగ్గర ఒక లేత్ షెడ్డులో టర్నర్. మాది గూడూరు వైపు. నాయన పనికోసం మద్రాసు వచ్చి వ్యాసర్‌పాడిలో ఒక లైనింట్లో కాపురం పెట్టాడు. సాయంత్రం ఆయన గుమ్మంలోకి వస్తే ఇల్లంతా కటింగ్ ఆయిల్ వాసన. చొక్కా మీద సన్నటి ఇనుప తునకలు దీపం వెలుగుకి తళుక్కుమనేవి. "అక్కడే ఉండు, పిల్లకాయల కాళ్లలో గుచ్చుకుంటాయి" అని మా అవ్వ ఆయన్ని వాకిట్లోనే ఆపేసేది. చొక్కా విప్పి బయట దులిపితే గానీ లోపలికి రానిచ్చేది కాదు.

ఒకరోజు నాయన ఒక నల్లటి చక్రం తెచ్చాడు. రిచీ స్ట్రీట్‌లో రేడియోలు బాగుచేసే స్నేహితుడు ఒక పాడైన స్పీకర్‌లోంచి ఊడదీసి ఇచ్చాడట. మధ్యలో బొక్క, చేతికి చల్లగా, చూడ్డానికి చిన్నదైనా బరువుగా ఉంది. దాన్ని చొక్కా మీద ఆనించి ఆ చివర నుంచి ఈ చివరకు లాగాడు. తునకలన్నీ గడ్డంలా లేచి దానికి పట్టుకున్నాయి.

అవ్వ చూసి "ఇది సూదంటురాయి కదరా" అంది.

ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. సూదిని అంటుకునే రాయి, సూదంటురాయి. అవ్వకి అక్షరం ముక్క రాదు. కానీ ఆ మాటలోనే పాఠం సగం ఉంది. బళ్లోకి వెళ్లాక 'అయస్కాంతం' నేర్పారు. అయస్ అంటే ఇనుము, కాంతం అంటే దానికి ప్రియమైనది. అదీ అందమైన మాటే. కానీ నా మనసులో మొదట పడ్డది అవ్వ మాట. టీచరయ్యాక కూడా పిల్లలకి ముందు సూదంటురాయి అనే చెప్పి, తర్వాత అయస్కాంతం అని బోర్డు మీద రాసేదాన్ని.

మా అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. చాప మీద సూది పడిపోతే ఇంతకుముందు ఇంటిల్లిపాదీ కదలకుండా నిలబడాల్సి వచ్చేది. ఆ చక్రం వచ్చాక చాప మీద ఒకసారి తిప్పితే చాలు, టక్ మని చప్పుడయ్యేది. పడ్డ సూదే కాదు, ఎప్పుడో పోయిన గుండుసూదులు, ఒక హుక్కు కూడా దొరికేవి.

ఆదివారాలు నాయన మమ్మల్ని రాయపురం వైపు సముద్రం దగ్గరికి తీసుకెళ్లేవాడు. ఇసుకలో అక్కడక్కడా నల్లటి చారలుంటాయి, మెరీనాలో కూడా చూసే ఉంటారు. చక్రాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, పురికొస కట్టి, ఆ చారల మీదుగా లాగమనేవాడు. పది అడుగులు లాగేసరికి కవరు చుట్టూ నల్లటి మెత్తటి బొచ్చు మొలిచేది. కవర్లోంచి చక్రం బయటికి తీస్తే అదంతా జలజలా రాలిపోయేది. కవరెందుకో నాకు అప్పుడు అర్థమైంది. రజను నేరుగా అయస్కాంతానికి పట్టుకుందంటే వదిలించుకోవడం చాలా కష్టం. గోధుమపిండి ముద్ద అద్ది అద్ది తీయాలి.

"ఇసుకలో ఇనుమెట్లా వచ్చింది నాయనా?" అని అడిగితే, "కొండ అరిగి వచ్చింది" అన్నాడు. చదువుకోని మనిషి చెప్పిన ఆ జవాబు సరైనదేనని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ నల్ల రేణువుల్లో అయస్కాంతానికి గట్టిగా పట్టుకునేది మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం. రాళ్లు అరిగి, ఏళ్ల తరబడి నీళ్లలో కొట్టుకొచ్చి, అల తేలికైన ఇసుకను వెనక్కి లాక్కుపోతే బరువైన ఈ రేణువులు గట్టునే చారలుగా మిగిలిపోతాయి. సహజంగా దొరికే సూదంటురాయి కూడా ఈ మాగ్నటైటే.

* * *

కొన్ని నెలలకు రెండో చక్రం దొరికింది. నాయన రెండూ నా చేతిలో పెట్టి "కలుపు" అన్నాడు. దగ్గరికి తేగానే ఠక్కున అతుక్కున్నాయి, వేలి చర్మం మధ్యలో నలిగి ఏడ్చాను. "ఇప్పుడు ఒకదాన్ని బోర్లించి కలుపు" అన్నాడు.

ఈసారి కలవలేదు. ఎంత నొక్కినా కలవలేదు. రెంటి మధ్యా వేలెడు ఖాళీ ఉంది, ఆ ఖాళీలో ఏదో ఉంది. రాయిలా గట్టిగా ఏమీ లేదు. నూనె రాసిన బంతిని నొక్కినట్టు, నొక్కేకొద్దీ పక్కకి జారిపోతుంది. ఆ ఖాళీలో వేలు పెట్టి చూశాను, ఏమీ తగల్లేదు. కాగితం పెట్టాను, అవ్వ తమలపాకు పెట్టాను, ఇత్తడి పళ్లెం పెట్టాను, తోపుడు తగ్గలేదు. ఆఖరికి అమ్మ దోసె పెనం తెచ్చి మధ్యలో పెట్టాను. ఆశ్చర్యం, తోపుడు మాయమైపోయి రెండు చక్రాలూ చెరో వైపు పెనానికే అతుక్కున్నాయి. ఇనుము మధ్యలోకి వస్తే ఆ లెక్కే మారిపోతుందని ఆ రాత్రి నా చేతులకు తెలిసింది. ఆ ఖాళీలో ఉన్నదానికి 'అయస్కాంత క్షేత్రం' అని పేరుందని తెలియడానికి ఇంకా నాలుగేళ్లు పట్టింది.

బళ్లో బొమ్మలో మాత్రం అయస్కాంతమంటే కడ్డీ, ఒక కొసన ఎరుపు, ఇంకో కొసన నీలం. మా ఇంటి చక్రానికి కొసలే లేవు కదా, ధ్రువాలెక్కడ ఉంటాయని బెంగపడేదాన్ని. అడగడానికి భయం. స్పీకర్ చక్రానికి ధ్రువాలు పై ముఖం మీద ఒకటి, కింది ముఖం మీద ఒకటి ఉంటాయి. ధ్రువం కొసనే ఉండాలన్న నియమం ఏమీ లేదు. ఈ ఒక్క ముక్క చెప్పడం కోసమే నేను ప్రతి ఏడాదీ ఆ చక్రాలు క్లాసుకి తీసుకెళ్లేదాన్ని.

* * *

అయితే మొదటి ఏడాది తీసుకెళ్లలేదు. కొత్త ఉద్యోగం, సిలబస్ పూర్తవుతుందో లేదోనని టెన్షన్. "సజాతి ధ్రువాలు వికర్షించుకుంటాయి, విజాతి ధ్రువాలు ఆకర్షించుకుంటాయి" అని నలభైమంది చేత వల్లె వేయించాను. కిటికీ బయటికి వినిపించేంత గట్టిగా చెప్పారు. ఆ రోజు చివరి బెంచీ పిల్లాణ్ని లేపి "వికర్షణంటే ఏమిటి నాన్నా?" అని అడిగాను. "మూడో ప్రశ్నకు జవాబు, టీచర్" అన్నాడు. వాడు తమాషాకి అనలేదు. వాడికి అది నిజంగా అంతే. రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు నాయన చక్రాలు రెండూ సంచిలో వేసుకెళ్లాను. పుస్తకాలు మూయించి, మొదటి బెంచీ నుంచి చేతులు మారుస్తూ పంపించాను. ఒక్కొక్కరూ నొక్కి చూస్తుంటే క్లాసంతా నిశ్శబ్దం. అవి చివరి బెంచీకి చేరాయి. ఆ పిల్లాడు కళ్లు మూసుకుని నొక్కాడు. మళ్లీ నొక్కాడు. "టీచర్, లోపల ఎవరో ఉన్నారు" అన్నాడు. ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. అందరికీ అలాగే అనిపించింది మరి.

ఆ తర్వాత నేను ఏ ఏడాదీ నిర్వచనంతో మొదలుపెట్టలేదు.

* * *

సూదిని అయస్కాంతం చేయడమంటే పిల్లలకి ప్రాణం. కుట్టు సూదిని బల్ల మీద పెట్టి, దండాయస్కాంతం ఒక కొసతో, ఎప్పుడూ ఒకే వైపుకి రుద్దాలి. వెనక్కి వచ్చేటప్పుడు పైకి ఎత్తి రావాలి. ముప్పై నలభై సార్లు. ముందుకీ వెనక్కీ రుద్దినవాళ్ల సూది ఎందుకూ పనికిరాదు. ఉత్తర ధ్రువంతో రుద్దితే, రుద్దడం ముగిసే కొస దక్షిణ ధ్రువమవుతుంది. సూది మొన ఉత్తరం చూడాలంటే మరి దేనితో రుద్దాలి? దీని మీద క్లాసులో జట్లు కట్టి వాదించుకునేవాళ్లు.

రుద్దిన సూదిని చిన్న థర్మకోల్ ముక్క మీద పెట్టి పళ్లెంలో నీళ్ల మీద వదిలితే నెమ్మదిగా తిరిగి ఉత్తర దక్షిణాలుగా నిలుస్తుంది. మా పిల్లలకి దిక్కులు చెప్పడం తేలిక. మద్రాసులో పుట్టినవాడికి సముద్రం తూర్పు. సముద్రం వైపు మొహం పెట్టి నిలబడితే ఎడమ చేతి వైపు ఎన్నూరు, అది ఉత్తరం.

ఒకసారి ఇన్‌స్పెక్షన్ కోసం ఒక అధికారి వచ్చారు. గదిలో ఏడు పళ్లేల్లో ఏడు సూదులు తేలుతున్నాయి. నాలుగు బాగానే నిలిచాయి. గోడ పక్కనున్న మూడు మాత్రం మూడు రకాలుగా తిరిగిపోయాయి. ఆయన వాటిని చూపించి "ఈ ప్రయోగం తప్పు కదమ్మా" అన్నారు. నాకు గొంతు ఎండిపోయింది. అంతలో ముందు బెంచీలో ఉన్న ఒక అమ్మాయి లేచి "సార్, ఆ సూదులకి ఉత్తరం దూరం, బీరువా దగ్గర" అంది. అప్పుడు చూశాను. గోడ పక్కన ఇనుప బీరువా. అందరం పళ్లేలు పట్టుకుని, నీళ్లు తొణక్కుండా ఆట స్థలం మధ్యకి నడిచి వెళ్లాం. ఆయనా వచ్చారు. అక్కడ ఏడు సూదులూ ఒకే వైపు తిరిగి నిలబడ్డాయి. ఆయన ఏమీ మాట్లాడకుండా ఆ అమ్మాయి తల నిమిరి వెళ్లిపోయారు. దిక్సూచి పక్కన ఇనుము ఉంచకూడదని పుస్తకంలో ఒక్క వాక్యం ఉంటుంది. ఆ ఏడాది పిల్లలెవరూ ఆ వాక్యాన్ని మర్చిపోయి ఉండరు.

ఉత్తరం చూసే కొసను ఉత్తర ధ్రువం అంటాం. విజాతి ధ్రువాలే కదా ఆకర్షించుకునేది, మరి భూమికి ఉత్తరాన ఏ ధ్రువముంది? ఈ ప్రశ్న వేసి నేను ఇంటికి పంపేసేదాన్ని. మర్నాడు కనీసం ఇద్దరైనా మొహం వెలిగిపోతూ వచ్చేవాళ్లు. భూమిని ఒక పెద్ద అయస్కాంతమనుకుంటే, ఉత్తరాన ఉన్నది దాని దక్షిణ ధ్రువం. భూమే ఒక అయస్కాంతమని ఇంగ్లండులో విలియం గిల్బర్ట్ అనే వైద్యుడు 1600లోనే రాశాడు. లోపల నిజంగా దండాయస్కాంతం ఏమీ లేదు. భూమి లోతుల్లో కరిగిన ఇనుము కదులుతూ ఉండడం వల్ల ఆ బలం పుడుతోంది.

మద్రాసు వాళ్లకి ఇంకో విశేషముంది. సూదిని రుద్దకముందే సరిగ్గా మధ్యలో దారం కట్టి, తక్కెడలా సమంగా వేలాడదీయండి. తర్వాత రుద్ది మళ్లీ వేలాడదీస్తే ఉత్తరపు మొన కాస్త కిందికి వంగుతుంది. ఇక్కడ కొంచెమే. అదే లండన్‌లో అయితే అరవై డిగ్రీలకు పైగా తల వంచేస్తుంది. అసలు వంగకుండా పడుకునే గీతను అయస్కాంత భూమధ్యరేఖ అంటారు. అది మనకి దక్షిణాన తిరునల్వేలి దరిదాపుల్లో వెళుతుంది. అందుకే అక్కడ భూ అయస్కాంతాన్ని గమనించే పరిశోధన కేంద్రం పెట్టారు. ఈ మాట చెప్పిన రోజు, తిరునల్వేలిలో మేనత్త ఉన్న ఒక పిల్లాడికి క్లాసులో ఎక్కడలేని గౌరవం వచ్చింది.

* * *

మళ్లీ రజను దగ్గరికొస్తాను.

బడికి రజను కావాలంటే నాయన మురిసిపోయాడు. లేత్ కింద రాలే చుట్టలు పనికిరావు, వాటికి పొడుగెక్కువ. పోత ఇనుము దిమ్మను వైస్‌లో బిగించి, మధ్యాహ్నం భోజనం అయ్యాక మిగిలిన కాసేపు, ఆకురాయితో రాసేవాడు. గిర్... గిర్... అని ఒకే లయలో. కింద న్యూస్ పేపరు. వారం రోజులకి గుప్పెడు పొడి. దానికి పట్టిన ఆయిల్ పోవడానికి కిరసనాయిల్లో కడిగి, ఎండబెట్టి, పాత నైలాన్ చీర ముక్కలో జల్లించి, హార్లిక్స్ సీసాలో పోసి ఇచ్చాడు. "నీళ్లు తగలనీకు, అమ్మా" అని ఒకే ఒక్క జాగ్రత్త చెప్పాడు.

బల్ల మీద దండాయస్కాంతం, దాని మీద అట్ట, అట్ట మీద తెల్ల కాగితం. ఉప్పు చల్లినట్టు ఎత్తు నుంచి రజను చల్లి, వేలి గోటితో అట్టను మెల్లగా తడితే చాలు. ఒక్కో తట్టుకీ పొడి చిన్నగా గెంతి, పక్కదానితో తల కలుపుకుని వరస కడుతుంది. ఒక ధ్రువం నుంచి వంపు తిరిగి రెండో ధ్రువానికి. కొసల దగ్గర ఒత్తుగా, మధ్యలో పలచగా. బలం ఎక్కడ ఎక్కువో చూపించడానికి ఇంతకన్నా మంచి బొమ్మ లేదు. సజాతి ధ్రువాలు రెండు ఎదురెదురుగా పెడితే గీతలు ఒకదాన్నొకటి తప్పించుకుని పక్కలకు విరబోసుకుంటాయి. నాయన చక్రాల మధ్య నా వేళ్లకి తగిలింది ఇదేనని కాగితం మీద చూసిన ప్రతిసారీ ఒళ్లు జలదరించేది.

ఒక పిల్లాడు అడిగాడు. "టీచర్, ఆ గీతలు నిజంగా ఉన్నాయా? పొడి తీసేస్తే కూడా ఉంటాయా?"

ఎంత మంచి ప్రశ్న! వెంటనే చెప్పలేకపోయాను. రేపు చెబుతానన్నాను. మర్నాడు ఇలా చెప్పాను: గీతలు మనం గీసుకున్నవి. రజనులో ఒక్కో తునకా అయస్కాంతం దగ్గరికి రాగానే తనూ ఓ చిన్న అయస్కాంతమై, ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి నిలబడుతుంది, అందుకే గీతల్లా కనిపిస్తుంది. గీతకీ గీతకీ మధ్య ఖాళీ ఉంది కదా, అక్కడా బలం ఉంటుంది. దిక్సూచిని ఆ ఖాళీలో పెట్టి చూడు, తిరుగుతుంది. పొడి తీసేస్తే గీతలు పోతాయి, క్షేత్రం పోదు.

ఈ గీతల ఊహ మైకేల్ ఫారడేది. పేదింటి పిల్లాడు, పుస్తకాలు బైండింగ్ చేసే దుకాణంలో పనికి కుదిరి, బైండింగుకి వచ్చిన పుస్తకాలే చదువుకున్నాడు. పెద్ద పెద్ద లెక్కలు ఆయనకి రావు. ఖాళీ అనుకున్న చోటు ఖాళీ కాదని, ఆ చోటులోనే సంగతంతా ఉందని బొమ్మలు గీసుకుని ఆలోచించాడు. 1831లో తీగచుట్టలో అయస్కాంతాన్ని కదిపి కరెంటు పుట్టించాడు. మన ఇళ్లకొచ్చే కరెంటులో ఎక్కువ భాగం ఇప్పటికీ ఆ దారినే వస్తోంది. మా బళ్లో సగంమంది పిల్లల తండ్రులు షెడ్లలో, ప్రెస్సుల్లో, హార్బర్లో పనివాళ్లు. ఫారడే కథ చెప్పేటప్పుడు నేను తొందరపడేదాన్ని కాదు.

కాగితం మీద బొమ్మ పల్చగా ఉంటుంది కాబట్టి క్షేత్రం కూడా పల్చటి రొట్టెలాంటిదని పిల్లలు అనుకుంటారు. దానికి గాజు సీసాలో వంటనూనె పోసి, చెంచాడు రజను వేసి కుదిపి, పక్కన అయస్కాంతం ఆనించేదాన్ని. నూనెలో రజను మెల్లగా కదిలి అన్ని వైపులా ముళ్లపందిలా నిక్కబొడుచుకునేది.

* * *

ఒక ఏడాది ఇద్దరు ప్రాణస్నేహితులు నా బల్ల మీది దండాయస్కాంతం తీసి విరగ్గొట్టారు. ఉత్తర ధ్రువం ఒకడికి, దక్షిణ ధ్రువం ఇంకొకడికి పంచుకుందామని. బండకేసి కొట్టారు. విరిగాక భయపడి, రెండు ముక్కలూ జేబుల్లో దాచుకుని రెండు రోజులు నాకు కనిపించకుండా తిరిగారు. మూడో రోజు వచ్చి ఏడుపు మొహాలతో బల్ల మీద పెట్టారు. బడి సొత్తు, తిట్టాలి. కానీ వాళ్లు అప్పటికే ఏదో కనిపెట్టేశారు. "టీచర్, నా ముక్కకి రెండు పక్కలా రెండూ ఉన్నాయి" అన్నాడొకడు. "నాకూ అంతే" అన్నాడు రెండోవాడు.

దిక్సూచి తెచ్చి చూపించాను. నిజమే. విరిగిన చోట కొత్త ధ్రువాలు పుట్టాయి. ఎన్ని ముక్కలు చేసినా ప్రతి ముక్కకీ రెండు ధ్రువాలూ ఉంటాయి. ఒంటి ధ్రువాన్ని ఎవరూ విడదీయలేకపోయారు. ఆ మాట చెప్పగానే వాళ్లిద్దరి మొహాల్లో భయం పోయి ఇంకేదో వచ్చింది. ఆ ముక్కలు చెరొకటి వాళ్లకే ఇచ్చేశాను. స్టాక్ రిజిస్టర్‌లో నా జీతంలోంచి కొని కొత్తది చూపించాను.

ఎందుకలా అవుతుందో చెప్పడానికి అందరినీ గ్రౌండ్‌కి తీసుకెళ్లాను. ఇంటర్వెల్‌లో తలో దిక్కూ తిరుగుతున్నప్పుడు మీరు మామూలు ఇనుము. ప్రేయర్ బెల్లు కొట్టగానే అందరూ ఒకే వైపు తిరిగి నిలబడితే అయస్కాంతం. వరసను మధ్యలో విడగొడితే రెండు వరసలవుతాయి, రెంటికీ ముందూ వెనకా ఉంటాయి కదా. "పామూ!" అని ఎవరో అరిస్తే? వరస చెదిరిపోతుంది. అయస్కాంతాన్ని కింద పడేస్తే, బాగా కాలిస్తే అదే జరుగుతుంది. రుద్దిన సూదిని పట్టకారుతో స్పిరిట్ దీపం మీద ఎర్రగా కాల్చి చల్లార్చి నీళ్ల మీద వదిలితే ఎటు పెడితే అటే ఉండిపోయేది. స్వచ్ఛమైన ఇనుమైతే 770 డిగ్రీల దగ్గర ఆ గుణం పూర్తిగా పోతుంది.

బీరువాలో దాచేటప్పుడు దండాయస్కాంతాలు రెంటినీ తలకిందులుగా జతచేసి, కొసలకి మెత్తని ఇనుప ముక్కలు అడ్డం పెట్టాలి. మొన్న చూస్తే అవి విడివిడిగా పడి ఉన్నాయి. గుండుసూది ఎత్తడానికి కూడా కష్టపడుతున్నాయి పాపం.

* * *

ఎవర్‌సిల్వర్, అదే స్టెయిన్‌లెస్ స్టీలు, దాని సంగతి చెప్పకపోతే మా పిల్లలు ఒప్పుకోరు. పాత బట్టలకి గిన్నెలిచ్చే ఆవిడ వీధిలోకి వస్తే మా అమ్మ కూడా ముందు చక్రం తీసి గిన్నెకి ఆనించేది. అతుక్కుంటే "నాసిరకం" అని తిప్పి పంపేసేది. క్లాసులో ఏటా ఎవరో ఒకరు టిఫిన్ బాక్సు ఎత్తి చూపించి అడిగేవాళ్లు. "ఇది కూడా ఇనుమే కదా టీచర్, ఎందుకంటుకోదు?" అందులో ఎక్కువ భాగం ఇనుమే, నిజమే. కానీ క్రోమియంతో పాటు నికెల్ తగినంత కలిస్తే లోపల పరమాణువుల అమరిక మారిపోయి అయస్కాంతానికి పలకదు. నికెల్ లేని రకం అతుక్కుంటుంది. అలాగని అతుక్కోనిదంతా మేలిరకమని కాదు, మాంగనీస్ ఎక్కువ వేసిన చవకరకం కూడా అతుక్కోదు. అమ్మ పరీక్ష సగమే సరైనది. ఈ మాట ఆవిడ ఉండగా చెప్పలేదు.

కరెంటుతో అయస్కాంతం చేసే పాఠం వచ్చిందంటే రిచీ స్ట్రీట్ వెళ్లి పూత వేసిన రాగి తీగ కొనుక్కొచ్చేదాన్ని. మేకుకి నూరు చుట్లు చుట్టి టార్చి సెల్లుకి కలిపితే గుండుసూదులు ఎగిరి అతుక్కునేవి, తీగ తీసేస్తే రాలిపోయేవి. సెల్లు నిమిషంలో వేడెక్కిపోతుంది, వెంటనే తీసేయాలి. కరెంటు పారే తీగ పక్కన దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో డెన్మార్క్‌లో ఓర్‌స్టెడ్ చూశాడు.

అవ్వ కొత్తగా మద్రాసు వచ్చినప్పుడు ట్రాములుండేవట. కణకణమని గంట కొట్టుకుంటూ వెళ్లేవని ఆవిడ చేత్తో చూపించి చెప్పేది. మనదేశంలో కరెంటు ట్రాము మొదట వచ్చింది మద్రాసులోనే, 1895లో. 1953లో ఆపేశారు. బొంబాయిలో కరెంటు ట్రాములు రాబోతున్నాయనగానే, కొలాబాలో భూ అయస్కాంతాన్ని కొలిచే పని సాగదని, 1904లో దాన్ని అలీబాగ్‌కి మార్చారు. అక్కడి గదుల్ని ఇనుము వాడకుండా కట్టారు. మా బీరువా పక్కన తిరిగిపోయిన మూడు సూదులూ ఇదే చెప్పాయి కదా, పిల్లలకి వెంటనే అర్థమయ్యేది.

* * *

ఇంటికి తెచ్చాక సీసాను న్యూస్ పేపరు మీద బోర్లించాను. ముద్దగా కట్టుకుపోయింది. ఎవరో ఎప్పుడో తడి చేత్తో ముట్టుకున్నారు. చిదిపితే ఎర్రటి పొడి. మేడ మీద రెండు రోజులు ఎండలో ఆరబెట్టి, చేత్తో నలిపి, నాయన చక్రాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి పైన తిప్పాను. ఆ చక్రం బలం మాత్రం తగ్గలేదు. నల్లగా మిగిలిన రజనంతా లేచి పట్టుకుంది. బాగా తుప్పు పట్టింది పేపరు మీదే ఉండిపోయింది. ఎర్రతుప్పు అయస్కాంతానికి దాదాపు పలకదు. అలా పదిసార్లు తిప్పితే పావు సీసా నల్ల రజను తేలింది.

ఆ టీచర్‌కి ఫోన్ చేశాను. తను ఇప్పుడు తమిళ మీడియం పిల్లలకి అదే పాఠం చెబుతుందట. "రజను పంపిస్తాను, తీసుకుంటావా?" అంటే "అయ్యో, ఇవ్వండి టీచర్, ఇప్పుడు కొనేది మరీ ముతగ్గా ఉంటోంది" అంది. పిల్లలు గుండీలంత వెండిరంగు అయస్కాంతాలు తెస్తున్నారని, అవి మహా గట్టిగా లాగుతున్నాయని చెప్పింది. అవి నియోడిమియంవి, 1980లలో వచ్చాయి. వాటిని నోట్లో పెట్టుకోనివ్వొద్దని రెండుసార్లు చెప్పాను. రెండు మింగితే పేగు గోడకి ఇవతల ఒకటి, అవతల ఒకటి పట్టుకుని లోపల చిల్లు పెడతాయి. ఆడుకునే వస్తువు కదా అని ఊరుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

సీసా కడగలేదు, పొడిబట్టతో తుడిచి రజను పోశాను. మూతకి లోపల కొత్త కాగితం వేశాను. 'ఇనుప రజను' చీటీ అంచులు మళ్లీ అతికించి, దాని కింద ఇంకో చీటీ మీద తమిళంలో 'ఇరుంబుత్ తూళ్' అని రాసి అంటించాను. దానికింద కొంచెం చోటు మిగిలితే, నీళ్లు తగలనీయొద్దని కూడా రాశాను.